ఒక్క గడప తొక్కితే చాలు: విశాఖలో గృహహింస కేసులకు శాఖలన్నిటినీ కలిపి నడపడం ఎలా

దెబ్బలు తిన్న మనిషి సాయం కోసం ముందు స్టేషన్‌కి వెళ్తుంది. అక్కడి నుంచి పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి పంపుతారు. కేజీహెచ్‌లో ఎమ్మెల్సీ (పోలీసు కేసుకు పనికొచ్చే గాయాల రికార్డు) రాసి, మందులిచ్చి పంపేస్తారు. ఎవరో సఖి కేంద్రం (హింసకు గురైన మహిళలకు ఒకేచోట సాయమందించే ప్రభుత్వ కేంద్రం) పేరు చెబుతారు. సఖిలో గృహహింస విభాగానికి వెళ్లమంటారు, ఆ తర్వాత కోర్టు. అయిదు చోట్లా జరిగిందంతా మొదటి నుంచి చెప్పుకోవాలి. మూడో చోటికే ఓపిక అయిపోతుంది. ఈలోగా అత్తవారి తరఫు పెద్దమనుషులు వచ్చి రాజీ మాట ఎత్తుతారు. ఇందులో ఏ ఆఫీసూ తన పని మానేయలేదు. ఒక గుమ్మం దిగి ఇంకో గుమ్మం ఎక్కేలోపు ఆమె ఎవరి బాధ్యతో ఎవరూ రాసుకోలేదు, అంతే.

ఆ మధ్య దారిని పట్టుకునే ఏర్పాటు ఎలా చేయాలో ఇక్కడ రాస్తున్నాం. వార్డు సచివాలయంలో మహిళా సంరక్షణ కార్యదర్శి, స్వచ్ఛంద సంస్థ కార్యకర్త, మెప్మా (పట్టణ పొదుపు సంఘాల సంస్థ) సమాఖ్య లీడరు, ఆసుపత్రి నర్సు, న్యాయసేవాధికార సంస్థ పారాలీగల్ వాలంటీరు (చట్టసాయంలో శిక్షణ పొందిన కార్యకర్త), వీళ్లలో ఎవరైనా మొదలుపెట్టవచ్చు. కొత్త చట్టం, కొత్త నిధులు అక్కర్లేదు. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉన్న గృహహింస చట్టం ఎవరి విధి ఏమిటో ఇప్పటికే చెప్పింది.

ముందు ఎంత మేర?

నగరమంతా ఒకేసారి వద్దు. ఒకటి రెండు పోలీస్ స్టేషన్ల పరిధి చాలు. గాజువాక, మల్కాపురం వైపు ఒక జట్టు, ఆరిలోవ, మధురవాడ వైపు ఒకటి, ఇలా. స్టేషన్ పరిధినే కొలతగా తీసుకోవడానికి కారణం ఉంది: వార్డుల హద్దులు, ఐసీడీఎస్ ప్రాజెక్టుల హద్దులు, ఆరోగ్య కేంద్రాల హద్దులు ఒకదానితో ఒకటి కలవవు. ఆపద వేళ ముందు రావాల్సింది పోలీసు కాబట్టి ఆ గీతనే నమ్ముకోవాలి.

2022 ఏప్రిల్ 4న పాత విశాఖ జిల్లా మూడు జిల్లాలైంది. అయినా పాడేరు వైపు నుంచీ అనకాపల్లి వైపు నుంచీ గాయాలతో జనం వచ్చేది ఇప్పటికీ కేజీహెచ్‌కే. "మీది మా జిల్లా కాదు" అనే మాట అక్కడే పుడుతుంది. గృహహింస చట్టంలో 27వ సెక్షన్ ప్రకారం ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోట కూడా కేసు వేయవచ్చు. శ్రీకాకుళంలో కాపురం చేసి, పెందుర్తిలో అక్క ఇంట్లో తలదాచుకున్న మనిషి విశాఖ కోర్టుకే వెళ్లవచ్చు. ఎఫ్ఐఆర్ విషయంలోనూ అంతే: సంఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయాలి. ఈ రెండు ముక్కలూ జట్టులో ప్రతి ఒక్కరికీ నోటికి రావాలి.

జట్టులో ఎవరెవరు

శాఖల పేర్లు కాదు, మనుషుల పేర్లు రాసుకోండి. ఒక్కో చోట ఇద్దరు: అసలు మనిషి, సెలవు పెడితే బదులు మనిషి. బదిలీ అయితే కొత్తవారి పేరు వారంలోగా చేర్చాలి. ఇలాంటి ఏర్పాట్లు ఎక్కువగా కూలిపోయేది బదిలీల దగ్గరే. తప్పనిసరిగా ఉండాల్సినవాళ్లు: స్టేషన్‌లో ఒక మహిళా ఎస్సై లేదా హెడ్ కానిస్టేబులు, మహిళా శిశు సంక్షేమ శాఖ రక్షణాధికారి (గృహహింస చట్టం కింద బాధితురాలికి సాయపడాల్సిన అధికారి) తరఫున గృహహింస విభాగం కౌన్సిలరు, సఖి కేంద్రంలో కేసులు చూసేవారు, క్యాజువాలిటీలో ఒక డాక్టరూ ఒక స్టాఫ్ నర్సూ, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్యానల్ లాయరు, వార్డు మహిళా సంరక్షణ కార్యదర్శి. వీరి చుట్టూ ఆశా, అంగన్‌వాడీ కార్యకర్త, మెప్మా రిసోర్స్ పర్సన్, బడి హెడ్మాస్టరు. వీళ్లకు మీటింగులతో పనిలేదు. ఎవరికి ఫోన్ చేయాలో తెలిస్తే చాలు.

సేవా సంస్థలు, వసతి గృహాలు, వైద్య సదుపాయాల జాబితా ఉంచుకోవడం 9వ సెక్షన్ కింద రక్షణాధికారి విధుల్లో ఒకటి. కాబట్టి కొత్త డైరెక్టరీ తయారుచేసే ముందు ఆ జాబితా కాపీ అడిగి, నంబర్లన్నిటికీ ఫోన్ చేసి చూడండి. మోగని నంబర్లు కొట్టేయండి. అందరి ఫోన్లలోనూ ఉండాల్సినవి: 112 అత్యవసరం, 181 మహిళా హెల్ప్‌లైన్, 1098 పిల్లలకు, 108 అంబులెన్సు, 15100 ఉచిత న్యాయ సహాయం, 14416 మానసిక ఆరోగ్యం.

ముంబైలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ 1984లోనే పోలీసు వ్యవస్థ లోపల సామాజిక కార్యకర్తలను కూర్చోబెట్టి స్పెషల్ సెల్ నడిపింది. ఇక్కడ అంత చేయలేకపోయినా, వారంలో రెండు సాయంత్రాలు, వేళ తప్పకుండా, ఒక పారాలీగల్ వాలంటీరు స్టేషన్‌లో కూర్చునేలా మాట్లాడుకోవచ్చు. ఆంధ్రా యూనివర్సిటీ సోషల్ వర్క్ విద్యార్థులను ఫీల్డ్ వర్క్ కింద అడగవచ్చు గానీ, ప్రాణాపాయం ఉన్న కేసులు వాళ్ల చేతికి ఇవ్వకండి. సెమిస్టరు అయిపోగానే వాళ్లు వెళ్లిపోతారు.

అప్పగింత

పని మొత్తానికి కీలకం ఇదే. "అక్కడికి వెళ్లమ్మా" అని కాగితం మీద అడ్రసు రాసివ్వడం అప్పగింత కాదు. అప్పగింతంటే ఆమె ఎదుటే ఫోన్ తీసి, అవతలి మనిషితో మాట్లాడి, ఫలానా వేళకి వస్తోందని చెప్పి, వెళ్లడానికి ఆటో ఏర్పాటు చూసి, చేరిందో లేదో రెండు గంటల్లో మళ్లీ ఫోన్ చేయడం. చేరలేదంటే కేసు ఇంకా పంపినవారిదే. అవతలివారు "వచ్చింది, నా దగ్గరుంది" అన్నాకే చేతులు మారినట్టు. ఈ ఒక్క నియమానికి స్టేషనూ సఖీ ఆసుపత్రీ ఒప్పుకుంటే మిగతాదంతా మెల్లగా దారిలో పడుతుంది.

మళ్లీ మళ్లీ చెప్పించకుండా ఒక పేజీ పత్రం వెంట పంపండి. అందులో ఉండాల్సినవి: కేసు గుర్తు సంఖ్య, ఆఖరి సంఘటన తేదీ, ఏం జరిగిందో ఆమె మాటల్లోనే నాలుగైదు వాక్యాలు, పిల్లలు ఎందరు, ఇప్పుడెక్కడున్నారు, గాయాలు, వాడుతున్న మందులు, ఏ భాషలో మాట్లాడగలదు, ఇప్పటిదాకా ఎవరెవరు ఏం చేశారు, ఆమె ఏం కోరుకుంటోంది. భాష సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఫ్యాక్టరీల చుట్టుపక్కల కాలనీల్లో ఒడియా, హిందీ తప్ప రానివాళ్లు చాలామంది. అనువాదానికి భర్త తరఫు చుట్టాన్నో పక్కింటాయన్నో కూర్చోబెడితే ఆమె నోరు విప్పదు.

అన్నిటికంటే ముఖ్యమైన గడి: ఏ నంబరుకి, ఏ వేళ ఫోన్ చేయాలి, మగగొంతు పలికితే ఏమని చెప్పాలి. ప్లాంటులో, పోర్టులో షిఫ్టుల ఉద్యోగి అయితే అతని డ్యూటీ వారం వారం మారుతుంది. ఆ వారం ఏ షిఫ్టో తెలియకుండా ఫోన్ చేస్తే ఆమెకే ముప్పు. పత్రం ఎవరికి చూపించవచ్చో ఆమెను అడిగి సంతకం తీసుకోండి. సగం మందికి చూపొద్దంటే సగం మందికే. పత్రం నకలు ఆమె బ్యాగులో పెట్టకండి, ఇంట్లో దొరుకుతుంది.

పేర్లు, ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టడం చాలాచోట్ల అలవాటైపోయింది. మానేయాలి. ఒక్క స్క్రీన్‌షాట్ చాలు, కాలనీ మొత్తానికి తెలిసిపోవడానికి. గ్రూపులో కేసు సంఖ్య మాత్రమే రాయండి, మిగతాది ఫోన్లో మాట్లాడుకోండి.

ప్రాణాపాయం ఉందా?

కేసు ఎవరి దగ్గర మొదలైనా ఈ ప్రశ్నలు అడగాలి, ఆమె ఒంటరిగా ఉన్నప్పుడే. గొంతు నులిమాడా, ఊపిరాడకుండా చేశాడా? చంపుతానన్నాడా, అంత పనీ చేస్తాడని నీకనిపిస్తోందా? కత్తి, పెట్రోలు, యాసిడ్ లాంటివి చూపించాడా? ఈ మధ్య కొట్టడం ఎక్కువైందా? కడుపుతో ఉన్నప్పుడు కొట్టాడా? ఇష్టం లేకుండా లైంగికంగా బలవంతపెట్టాడా? వెంటాడుతున్నాడా, ఫోన్ లాక్కుని చూస్తున్నాడా? విడిపోతానని ఈ మధ్యే చెప్పావా, లేక బయటికొచ్చేశావా? పిల్లల్ని ఏమన్నా చేస్తానన్నాడా? తాను చచ్చిపోతానని బెదిరిస్తున్నాడా? ఇలాంటి పట్టికలకు చాలా చోట్ల మూలం 1980ల్లో అమెరికాలో నర్సింగ్ పరిశోధకురాలు జాక్లిన్ క్యాంప్‌బెల్ తయారుచేసిన ప్రశ్నావళి.

మొదటి మూడింటిలో ఏ ఒక్కదానికి అవునన్నా ఆ రోజే కదలాలి. మిగతావాటికి మార్కులు లెక్కపెడుతూ కూర్చోవద్దు. ఆమె "ఈ రాత్రి ఇంటికి వెళ్తే బతకను" అంటే ఆ మాట పట్టిక కంటే ఎక్కువ. కానీ ఆమె "ఏం పర్లేదులెండి" అన్నంత మాత్రాన ప్రమాదం లేదనుకోకూడదు. భయం అలవాటైపోయినవాళ్లు దాన్ని తక్కువ చేసే చెబుతారు.

గొంతు నులమడం గురించి విడిగా చెప్పాలి. చాలాసార్లు మెడ మీద మరక కూడా ఉండదు. గొంతు బొంగురుపోవడం, మింగలేకపోవడం, కళ్లలో ఎర్రటి చుక్కలు, ఆ క్షణంలో మూత్రం పోవడం, కాసేపు ఏం జరిగిందో గుర్తులేకపోవడం, ఇవీ గుర్తులు. మెడలోని రక్తనాళం చిట్లితే రోజుల తర్వాత కూడా పక్షవాతం రావచ్చు. అందుకని నిన్న జరిగినా మొన్న జరిగినా కేజీహెచ్‌కో విమ్స్‌కో పంపాలి, ఎమ్మెల్సీలో ఆ మాట రాయించాలి. "మెడ నొప్పి" అని రాస్తే తర్వాత కోర్టులో దేనికీ పనికిరాదు.

అత్యవసరంగా ఫోన్ వస్తే గృహహింస నియమాల్లో 9వది వాడండి: రక్షణాధికారి గానీ సేవా సంస్థ గానీ వెంటనే పోలీసుల సాయం అడగాలి, పోలీసులు వారి వెంట ఆ చోటికి వెళ్లాలి, అక్కడే గృహ సంఘటన నివేదిక (జరిగిన హింస వివరాలతో ఒకటో ఫారం) రాసి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకి పంపాలి. ప్రమాదం పెరిగే ఘడియలు ముందే తెలుసు: ఇల్లు వదిలే రోజు, అతనికి పోలీసు నోటీసు లేదా కోర్టు నోటీసు అందే రోజు, వాయిదా రోజు, పిల్లల్ని చూడటానికి వచ్చే రోజు. ఈ తేదీలన్నీ కేసు పట్టుకున్నవారి క్యాలెండరులో ఉండాలి. ఆ ముందురోజు ఆమెకూ స్టేషన్‌కూ ఫోన్ వెళ్లాలి.

స్టేషన్, ఆసుపత్రి

భర్త, అత్తమామల క్రూరత్వానికి ఇప్పుడు వర్తించేది భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్, పాత 498ఏ స్థానంలో. దీనికో మెలిక ఉంది: ఆమె గానీ, రక్తం, పెళ్లి, దత్తత ద్వారా ఆమెకు బంధువులైనవారు గానీ, అలాంటివారు లేకపోతే ప్రభుత్వం నోటిఫై చేసిన ఉద్యోగి గానీ చెబితేనే పోలీసులు నేరుగా కేసు కట్టగలరు. పక్కింటివారి ఫిర్యాదుతో 85 కింద ఎఫ్ఐఆర్ కాదు. కానీ గృహహింస చట్టం 4వ సెక్షన్ కింద ఎవరైనా రక్షణాధికారికి చెప్పవచ్చు, మంచి ఉద్దేశంతో చెప్పినందుకు వారి మీద ఏ చర్యా ఉండదు. ఇరుగుపొరుగుకి చెప్పాల్సిన దారి ఇది.

మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష ఉన్న కేసుల్లో డీఎస్పీ స్థాయి అధికారి, నగరంలో అయితే ఏసీపీ, అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ చేయవచ్చు. పద్నాలుగో రోజు ఏ తేదీన వస్తుందో రాసుకోండి. ఎవరూ అడగకపోతే ఆ రోజు దాటిపోతుంది. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు ఇస్తే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే పోస్టులో పై అధికారికి, అదీ కాకపోతే మేజిస్ట్రేటుకి. ఎఫ్ఐఆర్ అయితే అతన్ని లోపలేస్తారని ఆమె అనుకుంటుంది. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత మామూలుగా జరిగేది నోటీసిచ్చి పంపడం. సాయంత్రానికి ఇంటికే వస్తాడు. ఈ సంగతి ముందే చెప్పి, ఆ రాత్రికి ఆమె ఎక్కడ ఉంటుందో తేల్చకుండా ఫిర్యాదు ఇప్పించకండి.

ఆసుపత్రిలో గృహ సంఘటన నివేదిక లేదని వైద్యం నిరాకరించకూడదు. గృహహింస నియమాల్లో 17వదాని ప్రకారం అప్పటికి నివేదిక రాసి లేకపోతే ఆసుపత్రి బాధ్యుడే ఒకటో ఫారం నింపి రక్షణాధికారికి పంపాలి, వైద్య నివేదిక ఆమెకు ఉచితంగా ఇవ్వాలి. క్యాజువాలిటీ టేబులు మీద ఖాళీ ఫారాలు పది ఉంచి, అయిపోతే ఎవరు తెచ్చిపెట్టాలో తేల్చితే ఈ నియమం నిజంగా నడుస్తుంది. "మెట్ల మీద పడింది" అని రాసే ముందు భర్తను బయట కూర్చోమనాలి. గాయం ఎక్కడ, ఎంత పొడవు, ఏ రంగు, పాతదా కొత్తదా, దేనితో కొట్టాడని ఆమె చెప్పింది, ఇవన్నీ రాయాలి.

కోర్టు, ఆర్డరు

మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరు దొరుకుతారు. గృహహింస చట్టం 12వ సెక్షన్ కింద రక్షణ, భరణం లాంటివి కోరే దరఖాస్తుకు మామూలుగా మూడు రోజుల్లో మొదటి విచారణ, 60 రోజుల్లో ముగింపు అని చట్టం చెబుతుంది. ఆచరణలో అంత వేగం ఉండదు కాబట్టి దరఖాస్తుతో పాటే 23వ సెక్షన్ మధ్యంతర ఉత్తర్వు అడగాలి. దానికి మూడో ఫారం అఫిడవిట్ కావాలి, చాలా దరఖాస్తులు అది లేకే వాయిదా పడతాయి. రక్షణాధికారి నివేదిక రాలేదని ఉత్తర్వు ఆపనక్కర్లేదని 2022లో ప్రభా త్యాగి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇల్లు మామగారి పేరు మీదుందన్న వాదనకు 2020 సతీష్ చందర్ అహూజా తీర్పు జవాబు: ఆమె కాపురమున్న ఇల్లు అత్తమామలదైనా ఉమ్మడి నివాసమే కావచ్చు. వదినలు, అత్తలు, కూతుళ్లు, తల్లులు, కలిసి ఉంటున్న భాగస్వామి కూడా ఈ చట్టం కిందకి వస్తారు. 2016 నుంచి ప్రతివాదులుగా ఆడవారినీ చేర్చవచ్చు.

విశాఖలో బాగా పనికొచ్చేది, తక్కువమంది వాడేది 20వ సెక్షన్ ఆరో ఉపవిభాగం. భరణం కట్టకపోతే అతని జీతంలోంచి నేరుగా ఆమెకు ఇమ్మని యజమానికి మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. స్టీల్ ప్లాంటు, పోర్టు, షిప్‌యార్డు ఉద్యోగులున్న ఊరిది. అందుకని మొదటి రోజే అతని ఎంప్లాయీ నంబరు, విభాగం, కాంట్రాక్టు కూలి అయితే కాంట్రాక్టరు పేరు, పీఎఫ్ లేదా ఈఎస్ఐ నంబరు రాసుకోండి. ఆరు నెలల తర్వాత అడిగితే ఆమె దగ్గర ఉండవు.

ఉత్తర్వు వచ్చాక పని అయిపోయిందనుకుంటారు. 24వ సెక్షన్ కింద ఉచిత కాపీలు ఇరుపక్షాలకూ, స్టేషన్‌కూ వెళ్లాలి. వెళ్లిందో లేదో ప్యానల్ లాయరు కాదు, కేసు పట్టుకున్నవారు స్టేషన్ రైటరును అడగాలి. రాత్రి పదకొండుకి 112కి ఫోన్ చేస్తే వచ్చే కానిస్టేబులుకి ఆ కాగితం సంగతి తెలిసి ఉండాలి: రక్షణ ఉత్తర్వు ఉల్లంఘన 31వ సెక్షన్ కింద నేరం, ఏడాది దాకా జైలు లేదా 20,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ, వారంట్ లేకుండా అరెస్టు చేయవచ్చు.

కౌన్సెలింగ్ పేరుతో

శాఖలు కలిస్తే వచ్చే పెద్ద ప్రమాదం, అందరూ కలిసి ఆమెనే సర్దుకుపొమ్మనడం. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడితే ఆమె చెప్పిన ప్రతి మాటకీ రాత్రి ఇంట్లో లెక్క చెల్లించాలి. నియమాలు స్పష్టంగా ఉన్నాయి: కౌన్సెలింగ్‌లో అతను కొట్టడానికి కారణాలు చెప్పి సమర్థించుకోకూడదు, ఈ మాట ముందే చెప్పాలి. ఆమె కోరితేనే రాజీ మాట. మొదటి ప్రాణాపాయ ప్రశ్నలు మూడింటిలో ఒకటి అవునైతే కలిపి కూర్చోబెట్టవద్దు. తెల్లకాగితం మీద "ఇక కొట్టను" అని రాయించుకుంటే, వారం తర్వాత ఎవరు ఫోన్ చేస్తారో అదే కాగితం మీద రాయండి. లేకపోతే అది అతనికి రక్షణ పత్రమవుతుంది.

దాచుకునే చోటు, వెంట తీసుకెళ్లేవి

సఖిలో ఉండనిచ్చేది అయిదు రోజుల వరకే. రెండో రోజునే శక్తి సదన్‌లో (ఎక్కువ రోజులు ఉండగల ప్రభుత్వ వసతి గృహం) చోటు అడగడం మొదలుపెట్టాలి, అయిదో రోజు కాదు. ఎదిగిన మగపిల్లల్ని ఎక్కడ ఉంచాలన్నది చాలాసార్లు ఆమెను వెనక్కి లాగే చిక్కు, ముందే కనుక్కోండి. బయల్దేరేటప్పుడు ఆధార్, బియ్యం కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, పెళ్లి ఫొటో, మందులు, నగల పట్టిక. ఒరిజినల్స్ తీయలేకపోతే ఫొటోలు తీసి నమ్మకమైన మనిషికి పంపి, తన ఫోన్లోంచి తీసేయాలి. పిల్లల మీద లైంగిక హింస తెలిస్తే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) 19వ సెక్షన్ కింద చెప్పి తీరాలి, అక్కడ ఆమె అనుమతి ప్రశ్న లేదు. ఈ ఒక్క మినహాయింపు మొదటి మాటల్లోనే ఆమెకు చెప్పండి.

నెలకోసారి

గంటన్నర సమావేశం. ప్రసంగాలు వద్దు, శాలువాలు అసలే వద్దు. మూడు ప్రాణాపాయ కేసులు, ఒక ఆగిపోయిన కేసు తీసుకుని ఎక్కడ ఆగిందో చూడండి. లెక్కపెట్టాల్సింది ఎన్ని కేసులు వచ్చాయని కాదు, ఫోన్ నుంచి నివేదికకు ఎన్ని గంటలు, దరఖాస్తు నుంచి మధ్యంతర ఉత్తర్వుకు ఎన్ని రోజులు, ఉత్తర్వు నుంచి స్టేషన్‌కి కాపీ చేరడానికి ఎన్ని రోజులు అని. మొదటి ఏడాది ఫిర్యాదులు పెరుగుతాయి. పై అధికారి దాన్ని నేరాలు పెరిగాయని చదవకుండా ముందే చెప్పి ఉంచండి.

నివారణ పని ఈ జట్టుదే గానీ వేరే వేళల్లో. పొదుపు సంఘం మీటింగు చివర పది నిమిషాలు, 181 నంబరు, 4వ సెక్షన్, అంతే. కాంట్రాక్టు కంపెనీల భద్రతా శిక్షణలో ఒక భాగం అడగవచ్చు. జాలరిపేటల్లో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. ఇళ్లలో డబ్బు ఆడని ఆ రోజుల్లో మహిళా సంరక్షణ కార్యదర్శి వారానికోసారైనా అటు తిరగాలి, భృతి ఎవరి ఖాతాలో పడి ఎవరి చేతికి వస్తోందో వినాలి.

కేసు ఎప్పుడు మూయాలి? ఆమె ఫోన్ ఎత్తకపోతే మూయకూడదు. తిరిగి కాపురానికి వెళ్లిపోయినా మూయకూడదు, ఫోన్ వేళ మార్చి రాసుకోవాలి. వారానికి, నెలకు, మూడు నెలలకు ఒక్కోసారి మాట్లాడి, ఉత్తర్వు అమలవుతోందని, భరణం అందుతోందని తెలిసి, ఆమే ఇక చాలన్నాక, కేసు పట్టుకున్న మనిషి సంతకం, తేదీ వేసి మూయాలి. ఆ పత్రం మీద, మళ్లీ అవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నెల పనిచేస్తున్న నంబరు ఉండాలి.